ఎర్ర సిలిండర్ల మీద పేర్లు

ఎల్లారెడ్డి
12 జూన్ 1986

తమ్మీ సిద్ధిరాములూ,

నువ్వూ దుర్గవ్వా బాగున్నారనుకుంటాను. ఇక్కడ నేనూ, మీ బావా, మీ బావ మోకాలి నొప్పీ ముగ్గురం బాగున్నాం. ముగ్గురిలో నొప్పే కొంచెం హుషారుగా ఉంది.

ఈరోజు బడి తెరిచాం. తొంభై ఆరుమంది ఆడపిల్లలు చేరారు. నేను పెద్ద టీచరునైనప్పటి నుంచి ఇంతమంది ఎప్పుడూ రాలేదు. సంతోషపడాల్సిందే. కానీ పొద్దున్నుంచి నాకు భయంగా ఉంది. ఎందుకో రాస్తాను, నవ్వకుండా చదువు.

మా బడి నువ్వు చూశావు కదా. బియ్యం వ్యాపారి ముత్తయ్య సేటు ఇచ్చిన పాత ధాన్యం గోదాము. దొంగలు రాకుండా కట్టినది కాబట్టి ఒక్కటే తలుపు, కిటికీలు ఎక్కడో నెత్తి మీద. లోపల వెదురు తడకలు అడ్డం పెట్టి, నాలుగు నుంచి పది దాకా ఏడు తరగతులు నడుపుతున్నాం. ఆ ఒక్క తలుపు పక్కనే తాటికమ్మల వంటపాక. దూరం ఊళ్ళ పిల్లలకు దేవవ్వ అందులోనే ఉప్మా వండుతుంది.

ఏప్రిల్‌లో, సెలవులకు రెండు రోజుల ముందు, గాలికి పొయ్యిలోని నిప్పురవ్వ ఎగిరి కమ్మకు అంటుకుంది. లోపల పిల్లలందరూ లెక్కల పరీక్ష రాస్తున్నారు. నాకు కాలిన వాసన వచ్చి బయటికి పరుగెత్తాను. దేవవ్వ ఏదో తొక్కుతోంది. "ఏమైందే?" అన్నాను. "ఏం గాలే టీచరమ్మా, ఓ కమ్మ అంటుకున్నది. గుంజి పడేసిన. చాయ్ వెట్టనా?" అంది. అరచేయి బొబ్బలెక్కి ఉంది.

ఆ చాయ్ నేను తాగలేకపోయాను. ఆ పాక మొత్తం అంటుకుని ఉంటే తలుపులోంచి ఒక్క పిల్ల కూడా బయటికి రాలేకపోయేది. వేసవంతా ఇదే ఆలోచన. నువ్వు ఫైరింజను మనిషివి. ఏం చేయాలో, ఏం కొనాలో రాయి. బడి కమిటీ దగ్గర పైసలు లేవు, ఊళ్ళో చందా అడుగుతాను. అడగడానికి నాకు సిగ్గు లేదని నీకు చిన్నప్పుడే తెలుసు.

అక్క గంగమణి


కామారెడ్డి
18 జూన్ 1986

అక్కా,

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. బావ మోకాలికి నువ్వుల నూనె వేడిచేసి రాయి. ఇక అసలు సంగతి.

మా ఫైరింజను కామారెడ్డిలో ఉంటుంది. మీ బడి ఎల్లారెడ్డిలో ఉంటుంది. మధ్యలో నలభై కిలోమీటర్ల దాకా గుంతల రోడ్డు. నువ్వు పోస్టాఫీసుకు ఉరికి, ట్రంకాల్ కలిసి, మేం బయల్దేరి అక్కడికి చేరేసరికి గంటంబావు. ఎండిన తాటికమ్మల పాక కాలడానికి పది నిమిషాలు చాలు. అందుకని మమ్మల్ని లెక్కలో పెట్టుకోకు. మేం వచ్చేది బూడిద మీద నీళ్ళు చల్లడానికే. నా ఉద్యోగం గురించి నేనే ఇలా రాస్తున్నానంటే అర్థం చేసుకో.

ముందు వెనక గోడ పగలగొట్టి రెండో తలుపు పెట్టించు. వంటపాకను గోదాముకు దూరంగా జరిపించు. ఆ తర్వాత మంటలార్పే ఎర్ర సిలిండర్లు నాలుగు కొను. నిజామాబాద్‌లో దొరుకుతాయి. వాటిలో సోడా కలిపిన నీళ్ళు, పైన చిన్న సీసాలో యాసిడ్ ఉంటాయి. మీట మీద గట్టిగా కొడితే సీసా పగిలి, నీళ్ళు దూరంగా చిమ్ముతాయి. ఒక్క నిమిషం వస్తాయి, అంతే. ఒకసారి కొడితే ఖాళీ. వాడినా వాడకపోయినా ఏడాదికోసారి ఖాళీ చేసి మందు మార్చాల్సిందే.

మళ్ళీ రాస్తున్నాను. ముందు తలుపు.

సిద్ధిరాములు


ఎల్లారెడ్డి
20 జూలై 1986

తమ్మీ,

ముందు తలుపు అని రెండుసార్లు రాశావు. ఊరికి ఆ మాట నువ్వే వచ్చి చెప్పి ఉండాల్సింది.

తలుపు కోసం పద్దెనిమిది ఇండ్లు తిరిగాను. అందరూ చాయ్ పోశారు, ఎవరూ రూపాయి తీయలేదు. విసుగొచ్చి ముత్తయ్య సేటు దుకాణంలో కూర్చుని, సిలిండర్ల సంగతి కూడా చెప్పాను. ఎర్రగా ఉంటాయి, గోడకు వేలాడతాయి అనగానే ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "దాని మీద పేరు రాయొచ్చా?" అని అడిగాడు. రాయొచ్చన్నాను. "అయితే మా అవ్వ భూమక్క పేరు మీద ఒకటి రాసుకో" అన్నాడు, పోయిన తల్లిని తలుచుకుని. తలుపు మీద కూడా రాయిస్తాం కదా సేటూ అంటే ఏమన్నాడో తెలుసా? "తలుపు మీద పేరు రాస్తే ఏం లాభం టీచరమ్మా? తెరిస్తే గోడ దిక్కు పోతది. మూస్తే ఇగ సూడనీకి ఎవలు వస్తరు?"

ఆ మాట ఊరంతా పాకింది. మర్నాడు కట్టెల డిపో ఖుద్దూస్ సాబ్ తన తల్లి అన్వరి బేగం పేరు మీద ఒకటి ఇస్తానన్నాడు. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు. నువ్వు నాలుగు చాలన్నావు, నాకు ఆరు వచ్చాయి. పోయినవాళ్ళు ఇంకా ఉంటే ఇంకా వచ్చేవి.

తలుపు సంగతి కూడా మరిచిపోలేదు. ఖుద్దూస్ సాబ్ డిపో నుంచి దర్వాజకు, రెక్కలకు మంచి మద్దికట్టె పంపాడు. పేరు ఎక్కడ రాయించమంటారని అడిగితే, "దానికి పేరొద్దు టీచరమ్మా, పైన ఉన్నోనికి ఎరుకే" అన్నాడు. గోడ ముత్తయ్యది కాబట్టి ఆయన ఒప్పుకోవాలి. వెనక తలుపు పెడితే మేకలు దూరతాయని నసిగాడు కానీ, పంద్రాగస్టు అయ్యాక పగలగొట్టుకోమన్నాడు.

తమ్ముడూ, నన్ను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాయి. రాయడానికి నీకు చేతులు రావని తెలుసు, అయినా ప్రయత్నించు.

అక్క


ఎల్లారెడ్డి
17 ఆగస్టు 1986

తమ్మీ,

మెచ్చుకోలు రాలేదు. సరే, నేనే చెప్పుకుంటాను.

పంద్రాగస్టు నాడు ఆరు సిలిండర్లనూ నా ఆఫీసు గదిలో వరుసగా వేలాడదీశాం. ప్రతి దాని మీదా తెల్ల రంగుతో 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని రాయించాను. ఎవరిది ముందుండాలన్న దాని మీద అరగంట పంచాయితీ అయింది. గోదాము ముత్తయ్యది కాబట్టి భూమక్క ముందు, వయసులో పెద్దది కాబట్టి అన్వరి బేగం ఆ పక్కన అని తేల్చాను. పోయినవాళ్ళ వయసులు లెక్కగట్టే పని కూడా నా నెత్తినే పడింది.

అన్నిటికీ బంతిపూల దండలు వేశారు. ముత్తయ్య సేటు తల్లి పేరు ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ దుఃఖం వచ్చింది. మన బాపు పేరు మీద ఒకటి ఉంటే బాగుండుననిపించింది, కానీ నా జీతం నీకు తెలుసు కదా.

మేస్త్రీ వచ్చే నెల మొదట్లో వస్తానన్నాడు. వంటపాకను కూడా అప్పుడే జరుపుతాం. పిల్లలను పోచారం ప్రాజెక్టుకు తీసుకుపొమ్మని తొమ్మిదో తరగతి రఫియా రోజూ ప్రాణం తీస్తోంది. ఆ పిల్లకు ఒక్క క్షణం కుదురు లేదు.

అక్క


కామారెడ్డి
21 ఆగస్టు 1986

అక్కా,

కాలేది వంటపాకా, నీ కుర్చీయా? ఆరింటినీ నీ కుర్చీ వెనకాల పెట్టుకుంటే పిల్లలకు ఏం లాభం? దండలు చూసి మంట ఆగదు. వాటిని ఎలా కొట్టాలో నీకు తెలుసా, దేవవ్వకు తెలుసా, ఆ కుదురులేని రఫియాకు తెలుసా? ఎవరికీ తెలియదు.

30వ తేదీ శనివారం నాకు సెలవు. వచ్చి పిల్లలకు చూపిస్తాను. ఒక మోపు గడ్డి తెప్పించి పెట్టు.

మెచ్చుకోలు తలుపు పెట్టాక రాస్తాను.

సిద్ధిరాములు


ఎల్లారెడ్డి
4 సెప్టెంబరు 1986

తమ్మీ,

నువ్వు వచ్చి వెళ్ళి ఐదు రోజులైంది. ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. లేకపోతే రాయకపోదును.

ఖాకీ బట్టలు తొడుక్కుని వచ్చావు, గడ్డికి నిప్పు పెట్టావు, గోడ మీద మొదట కనపడిన సిలిండరు తీసుకుపోయి రఫియాతో కొట్టించావు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నువ్వు అన్నం తిని మూడింటి బస్సెక్కావు. ఆ మొదటిది భూమక్కది.

సాయంత్రానికే ముత్తయ్య సేటు చెవిన పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. "మా అవ్వ పేరు మీద ఇచ్చింది గడ్డి మీద పారవోసిన్రా టీచరమ్మా? అగ్గి లేకపాయె, ఏం లేకపాయె. మీరే అంటువెట్టి మీరే ఆర్పితిరి. మా అవ్వ మీకు తమాషా అయిందా?" అన్నాడు. కొడితే ఖాళీ అవుతుందని ఆయనకు తెలియదట. ఎప్పటికీ అలాగే నిండుగా ఉంటుందనుకున్నాడట. నిజం చెప్పాలంటే, ఆ సంగతి నేనూ ఆయనకు సరిగ్గా చెప్పలేదు.

నిలబడి అరగంట బతిమాలాను. చివరికి ఒకే మాట అన్నాడు. "నా గోడ ముట్టకుండ్రి." సోమవారం వచ్చిన మేస్త్రీని కూడా తిప్పి పంపాడు.

నీ ఒక్క నిమిషం నీళ్ళకు నా రెండో తలుపు కొట్టుకుపోయింది. తొంభై ఆరుమంది పిల్లలు మళ్ళీ ఆ ఒక్క తలుపు లోపలే కూర్చున్నారు. మూడు నెలలు ఇంటింటికీ తిరిగింది నేను. నాకు కోపం కాదు, కడుపు మండుతోంది.

గంగమణి


కామారెడ్డి
9 సెప్టెంబరు 1986

అక్కా,

ముత్తయ్య సేటు తల్లి పేరు ఎక్కడికీ పోలేదు. సిలిండరు మీదే ఉంది. ఖాళీ అయినది నీళ్ళే.

రఫియా మొదటిసారి మీట మీద కొట్టబోయి భయపడి వదిలేసింది. రెండోసారి కళ్ళు మూసుకుని కొట్టింది. నీళ్ళు చిమ్మాక ఆ పిల్ల మొహం ఎలా ఉందో నువ్వు చూడలేదు, చాయ్ పెట్టించడానికి లోపలికి పోయావు. ఇప్పుడు ఎల్లారెడ్డిలో మంట ఎలా ఆర్పాలో తెలిసిన పిల్ల ఒకతి ఉంది. అది తప్పని నేను ఒప్పుకోను.

ఏ సిలిండరు మీద ఎవరి పేరుందో నేను చూసుకోలేదు. చూసినా ఏదో ఒకటి తీయాల్సిందే కదా, అన్నిటి మీదా ఎవరో ఒకరి తల్లి ఉంది.

మందు నింపించడానికి ముప్పై రూపాయలు మనియార్డరు చేశాను. గోడ సంగతి సేటును మళ్ళీ అడుగు. ఆలస్యం చేయకు.

సిద్ధిరాములు


ఎల్లారెడ్డి
15 సెప్టెంబరు 1986

సిద్ధిరాములూ,

నీ మనియార్డరు తిప్పి పంపాను. వాళ్ళ అవ్వ పేరున్న దాంట్లో నువ్వు మందు పోయిస్తే ఆయనకు ఎట్లుంటుంది? మన బాపుకు పక్కింటివాళ్ళు వచ్చి పిండం పెట్టినట్టుంటుంది. ఇరవై ఏళ్ళ నుంచి మంటలు ఆర్పుతున్నావు, మనుషుల సంగతి ఇంత కూడా తెలియదా?

ఖుద్దూస్ సాబ్ ఇచ్చిన మద్దిచెక్కలు ఆవరణలో వానకు నానుతున్నాయి. దేవవ్వ పొయ్యి ముట్టించినప్పుడల్లా నేను తలుపులో నిలబడుతున్నాను. అది నాకు రోజూ పని అయిపోయింది. మళ్ళీ చూపిస్తాను, నేర్పిస్తాను అని ఇటు రావద్దు.

గంగమణి


ఎల్లారెడ్డి
5 అక్టోబరు 1986

తమ్మీ,

ఇరవై రోజులైంది, నీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేనే పెద్దదాన్ని కాబట్టి నేనే మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

మొన్న శుక్రవారం, పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాస. దసరా సెలవుల కాగితం మీద కమిటీ పెద్దగా ముత్తయ్య సేటు సంతకం కావాలి కాబట్టి, ఇష్టం లేకపోయినా ఆయన ఇంటికి పోయాను. ఆయన స్నానం చేసి, పీట ముందు బియ్యం, పప్పు, బీరకాయలు, గుమ్మడికాయ ముక్క పళ్ళెంలో పెట్టుకుని అయ్యగారి కోసం ఎదురు చూస్తున్నాడు. నన్ను చూసి మొహం పక్కకు తిప్పాడు. నాకు ఏం తోచిందో, నిలబడే అడిగాను.

"సేటూ, పోయినేడు గూడ అవ్వకు బియ్యమిచ్చిన్రు గద?"

"ఏటేటా ఇస్త."

"పోయినేటి బియ్యం ఏమైనయి?"

"గదేం మాట టీచరమ్మా? అయ్యగారు వండుకొని తిన్నడు. అయిపోయినయి."

"మీ అవ్వ పేరు మీద ఇచ్చినవి అయిపోగొట్టిండని ఆయనతోని కొట్లాడిన్రా?"

సేటు నా వైపు చూశాడు. లోపల వాళ్ళ ఇంటావిడ కిసుక్కున నవ్వింది. ఆయన పళ్ళెంలో బియ్యం సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, "బియ్యం తినేతందుకే ఇస్తరు గద" అన్నాడు.

"నీళ్ళు గూడ మంట మీద పోసేతందుకే, సేటూ."

"అయితే ఏటేటా నింపాల్నా?"

"ఏటేటా ఖాళీ చెయ్యాలె, ఏటేటా నింపాలె. మీ చేతులతోనే."

"అవ్వ తిథి మాఘమాసంల వస్తది" అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. సాయంత్రం పిల్లలు బడి ముందు ఎంగిలిపూల బతుకమ్మ ఆడుతుంటే మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, గోడ మీద బొగ్గుతో తానే గీత గీశాడు. నిన్న గోడ పగలగొట్టారు. ఆ కంతలోంచి వెలుతురు లోపలికి పడితే, గోదాములో ఇన్ని సాలెగూళ్ళున్నాయా అని సిగ్గేసింది.

ఖుద్దూస్ సాబ్ ఈ సంగతి విని తనంతట తానే వచ్చాడు. వాళ్ళ అమ్మ పోయిన రోజు, బర్సీ నాడు, ఫాతెహా చదవడం ఇంట్లో, సిలిండరు ఖాళీ చేయడం బడిలో అని తేల్చాడు. మిగిలిన నలుగురూ అదే దారి. అంటే ఆరు ఇండ్లు, ఏడాదికి ఆరుసార్లు. ప్రతిసారీ పిల్లలు మంట ఆర్పుతారు, ఆ ఇంటివాళ్ళు మందు పోయిస్తారు. సర్కారు జీతం తీసుకుంటూ నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు నేర్పుతావురా?

నిన్ను చాలా మాటలు అన్నాను. అనకుండా ఉండాల్సింది. రఫియా అప్పుడప్పుడు నీ గురించి అడుగుతోంది.

అక్క గంగమణి


కామారెడ్డి
9 అక్టోబరు 1986

అక్కా,

మనియార్డరు తిరిగొచ్చినప్పుడు నన్నే తిప్పి పంపావనుకున్నాను. పోస్ట్‌మన్ ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దుర్గవ్వ రాయమని రోజూ పోరు పెట్టింది, నాకే చేతులు రాలేదు. ఇప్పుడు నీ ఉత్తరం స్టేషన్‌లో అందరికీ చదివి వినిపించాను. మా ఆఫీసరు రెండుసార్లు చదివించుకున్నాడు. జూలైలో నువ్వు అడిగిన మెచ్చుకోలు ఇదే అనుకో. నావల్ల కానిది నీవల్ల అయింది.

సేటును అడగకుండా సిలిండరు తీయడం నా తప్పే. కనీసం ఆయన్ని పిలిచి, ఆయన ముందు కొట్టించాల్సింది.

ఇంకొక్క మాట. రెండో తలుపు బయటి వైపుకు తెరుచుకోవాలి. లోపలికి కాదు. దీంట్లో మాత్రం ఎవరి మాటా వినకు.

సిద్ధిరాములు


ఎల్లారెడ్డి
23 అక్టోబరు 1986

తమ్మీ,

నీ తలుపు నా ప్రాణానికొచ్చింది.

దర్వాజ నిలబెట్టారు. రెక్కలు బిగించడానికి వడ్రంగి పర్శరాములు వచ్చాడు. బయటికి తెరుచుకునేలా బిగించమంటే ఉలి కింద పెట్టేశాడు. "ఇంటి తలుపు లోపలికే తెరవాలె టీచరమ్మా. బయటికి తెరిస్తే లచ్చిమిని ఎల్లగొట్టినట్టయితది. మా తాత చెయ్యలే, మా బాపు చెయ్యలే, నేను చెయ్య" అన్నాడు. ముత్తయ్య సేటు కూడా ఆయన పక్షమే. గోదాము ఆయనది, లక్ష్మి కూడా ఆయనదే కదా.

లోపలికి తెరిచినా తలుపు తలుపే కదా అని నాకూ అనిపిస్తోంది. నువ్వు చూస్తే ఎందుకో చెప్పకుండా హుకుం జారీ చేస్తావు. హుకుం విని పని చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. కారణం రాయి, చదివి వినిపిస్తాను. నాలుగు రోజుల నుంచి రెక్కలు గోడకు ఆనించి ఉన్నాయి.

అక్క


కామారెడ్డి
31 అక్టోబరు 1986

అక్కా,

కారణం రాస్తాను. ఇది నీకు మాత్రమే, ఎవరికీ చదివి వినిపించకు. దుర్గవ్వకు కూడా తెలియదు.

మూడేళ్ళ కింద, నవంబరు 24. ఒక ఊళ్ళో బడి, ఊరు పేరు రాయను. కోతలయ్యాయి, బడి పక్కనే గడ్డివాము. అది అంటుకుని బడి కప్పుకు పాకింది. పిల్లలందరూ ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేది. దాన్ని తెరవాలంటే ముందున్న పిల్లలు ఒక అడుగు వెనక్కి జరగాలి. వెనకవాళ్ళు ముందుకు తోస్తుంటే ఎలా జరుగుతారు? ఊరివాళ్ళు గొడ్డళ్ళతో పక్క గోడ పగలగొట్టి పిల్లలను బయటికి లాగారు. తలుపుకు ఆనుకుని ఉన్న ఒక్క పిల్ల మాత్రం పొగకు ఊపిరాడక అక్కడే పోయింది.

మేం గంటంబావుకు చేరాం. తలుపు నేనే తీశాను. పిల్ల రెండు చేతులూ తలుపు మీద పెట్టి ఉన్నాయి. ఒంటి మీద కాలిన గాయం ఒక్కటి లేదు. నేనే ఎత్తుకుని బయటికి తెచ్చాను. బరువే లేదు అక్కా.

పోచవ్వ అని పిలుస్తున్నారు అందరూ. నాలుగో తరగతట. స్టేషన్‌కు వచ్చి రిపోర్టు రాశాను. చనిపోయినవారి సంఖ్య అని ఒక గడి ఉంటుంది, ఒకటి అని రాశాను. పేరు రాయడానికి గడి లేదు.

ఈసారి పెత్తరమాసకు బాపుకు బియ్యం ఇచ్చాక, చిన్నపిల్లలకు కూడా ఇవ్వొచ్చా అని అయ్యగారిని అడిగాను. "పిల్లలు పెద్దలల్ల కలువరు, వాళ్ళకు ఇచ్చుడు ఉండది" అన్నాడు. ఎవరికని అడిగాడు, నేను చెప్పలేదు. పెద్దలకు అందరూ ఇస్తారు. పిల్లలకు ఎవరిస్తారక్కా?

ఒక సిలిండరుకు సరిపడా డబ్బు పంపుతున్నాను. ఈసారి తిప్పి పంపకు. ఆ పిల్ల పేరు రాయించు. ఏటా ఆ తారీఖున నేను వచ్చి ఖాళీ చేసి, మందు పోస్తాను.

తలుపు బయటికే తెరిపించు.

నీ తమ్ముడు


ఎల్లారెడ్డి
14 నవంబరు 1986

నా తమ్ముడూ,

ఉత్తరం చదివి ఏడ్చాను. మూడేళ్ళు ఈ బరువు ఒక్కడివే మోశావు. పంద్రాగస్టు దండల గురించి గొప్పగా రాసుకున్న నా ఉత్తరం గుర్తొచ్చి, నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

ఎవరికీ చదివి వినిపించవద్దన్నావు. నేను వినలేదు. పర్శరాములును కూర్చోబెట్టి, తలుపు దగ్గర ఏం జరిగిందో అంతవరకు చదివాను. ముత్తయ్య సేటు కూడా అక్కడే ఉన్నాడు. పర్శరాములు లేచి, దర్వాజకు అప్పటికే లోపలి వైపు కొట్టిన మడతబందులు ఊడబెరికి బయటి వైపు కొట్టాడు. కూలి ఇస్తే తీసుకోలేదు. సేటు తలుపును నాలుగైదుసార్లు బయటికి తోసి చూసి, వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. లక్ష్మి మాట ఎత్తలేదు.

నిజామాబాద్ నుంచి సిలిండరు వచ్చింది. పేరు రాసే మనిషి అలవాటుగా 'కీర్తిశేషులు' అని మొదలుపెట్టబోయాడు. వద్దన్నాను. మా బడిలో పిల్ల పేరు ఎలా రాస్తామో అలాగే రాయించాను. 'పోచవ్వ, నాలుగో తరగతి.' అంతే.

దాన్ని ఆఫీసులో పెట్టలేదు. వెనక తలుపు పక్కన, చిన్నపిల్లల చేతికి అందేంత ఎత్తులో వేలాడదీశాను. మిగిలిన ఆరూ కూడా గోదాములోకి, దూరంగా జరిపిన వంటపాక దగ్గరికి చేరాయి. నాలుగో తరగతి పిల్లలు, "టీచర్, పోచవ్వ ఎవరు? మన తరగతేనా?" అని అడిగారు. అవునన్నాను.

24వ తేదీ సోమవారం. పొద్దటి బస్సుకు రా, దుర్గవ్వను కూడా తీసుకురా. అయ్యగారు ఏమన్నా సరే, ఇక్కడ ఇచ్చుడు ఉంటుంది. గడ్డి నేను తెప్పిస్తాను. సిలిండరు మాత్రం నువ్వు కొట్టకు, నాలుగో తరగతి పిల్లలు కొడతారు. నువ్వు పక్కన నిలబడి చూడు. తర్వాత తొంభై ఆరుమందినీ లోపల కూర్చోబెట్టి గంట కొడతాను. వెనక తలుపు తోసుకుని ఎంతసేపట్లో బయటికొస్తారో నీ గడియారంలో చూసి చెప్పు.

అక్క